మధ్యస్థాయి పార్కు పెంచాలంటే ముందు ఏం చేయాలి? పెద్ద కోస్టరా, ఉన్న రైడ్లా?

గేటుపక్కన:

నమస్తే అందరికీ. నేను ఒక ఎమ్యూజ్‌మెంట్ పార్కులో ప్లానింగ్ పని చూస్తుంటాను. మాది మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. రెండు మూడు గంటల ప్రయాణం దూరం నుంచి జనం పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. ముప్ఫై ఐదు ఎకరాల స్థలం, చిన్నా పెద్దా కలిపి 22 రైడ్లు, ఒక వేవ్ పూల్, నాలుగు స్లైడ్లు. పక్కనే మాదే ఇంకో పన్నెండు ఎకరాలు ఖాళీగా ఉంది. దానికి ఒకవైపు ఇళ్లు ఉన్నాయి.

మా ఓనరుగారికి ఈమధ్య ఒక పెద్ద రోలర్ కోస్టర్ మీద మనసు పడింది. ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్లి నాలుగు కేటలాగులు తెచ్చుకున్నారు. ఇక అప్పటినుంచి ఏ మీటింగ్ పెట్టినా, మొదలు టాయిలెట్ల రిపేరు అయినా సరే, చివరికి కోస్టర్ దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఉన్న డబ్బుతో ఒక్క పెద్ద కోస్టర్ వస్తుంది. లేదంటే నాలుగేళ్ల పాటు విడతలవారీగా చిన్నచిన్న పనులు చాలా చేసుకోవచ్చు. రెండూ మాత్రం కుదరవు.

రద్దీ రోజున ఆరు వేల మంది వస్తారు. వారం మధ్యలో ఐదొందలు దాటితే గొప్పే. ఫిర్యాదుల పుస్తకం తిరగేస్తే సగానికి పైగా ఒకటే పాట: "ఎక్కడ చూసినా లైన్లే, మూడు రైడ్లు ఎక్కి ఇంటికొచ్చాం." పెద్ద కోస్టర్ లేదని రాసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ మాట అంటే ఓనరుగారు, "అది లేదని అసలు రానివాళ్లు మన పుస్తకంలో ఎలా రాస్తారయ్యా?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ రంగంలో పనిచేసినవాళ్లు గానీ, పార్కులు బాగా తిరిగినవాళ్లు గానీ చెప్పండి. మీరైతే మొదటి రూపాయి ఎక్కడ పెడతారు?

పట్టాలపిచ్చోడు:

ఓనరుగారి పక్షాన నేను ఒక ఓటు వేస్తున్నా. నేను కోస్టర్ల కోసమే ఊళ్లు తిరిగే రకం. నాలాంటివాళ్లు మీ కొలంబస్ ఓడ ఊయల కోసమో, డాషింగ్ కార్ల కోసమో రారు బ్రదర్. అవి అన్నిచోట్లా ఉన్నాయి.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో హాలిడే వరల్డ్ అని ఒక పార్కు ఉంది. ఉన్న ఊరు చాలా చిన్నది. 1995లో "రేవెన్" అనే చెక్క కోస్టర్ కట్టారు. అంతే, ఎక్కడెక్కడి కోస్టర్ పిచ్చోళ్లూ ఆ ఊరి దారి పట్టారు. ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ పార్కు‌కి చెట్ల తలలు దాటి ఏదీ కట్టకూడదని ఆంక్ష. వాళ్లేం చేశారు? రాయి తొలిచి, గోతిలోకి దింపి 1994లో "నెమెసిస్" కోస్టర్ కట్టారు. ఎత్తు లేకపోయినా ముప్ఫై ఏళ్లుగా జనం దాని గురించే మాట్లాడుకుంటున్నారు. మొన్న 2022లో మూసి, పట్టాలు మార్చి 2024లో మళ్లీ తెరిస్తే అదో పండగ. జర్మనీలో ఫాంటసియాలాండ్ పార్కు పక్కన కూడా ఇళ్లే. స్థలం చాలదని 2016లో "టారోన్" కోస్టర్‌ని ఎలా మెలిపెట్టారంటే, పట్టా తన మీదుగా తానే 116 సార్లు దాటుతుంది.

ఇళ్లు అడ్డం అని వెనక్కి తగ్గకండి. ఒక్కటే కట్టండి, కానీ మాట్లాడుకునేలా కట్టండి.

బటన్ నొక్కే మనిషి:

తమ్ముడు చెప్పిన పేర్లన్నీ నిజమే. కానీ హాలిడే వరల్డ్ కథ సగమే చెప్పాడు. మిగతా సగం నేను చెప్తాను.

ముందు నా సంగతి. ఇద్దరు పిల్లలు హైస్కూలుకి వచ్చేదాకా ఒక పార్కులో రైడ్ ఆపరేటర్‌గా, తర్వాత ఆపరేషన్స్ సూపర్‌వైజర్‌గా చేశాను. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి గ్రీన్ బటన్ నొక్కడం, లైన్‌లో ఉన్నవాళ్ల తిట్లు తినడం, సాయంత్రానికి గొంతు పోగొట్టుకోవడం, ఇదే నా చదువు. కాబట్టి నేను చూసేది రైడ్ ఎత్తు కాదు, గంటకి ఎంతమందిని ఎక్కించి దించుతుందన్నది.

గేటుపక్కన గారూ, మీ పెద్ద రైడ్ సంగతి ఊహించి చెప్తాను, తప్పయితే దిద్దండి. మీకు ఇప్పటికే ఒక మధ్యరకం కోస్టర్ ఉండి ఉంటుంది. కేటలాగులో రెండు ట్రైన్లు అని ఉంటుంది. ఒకటి మాత్రమే పట్టా మీద తిరుగుతుంటుంది, రెండోది షెడ్‌లో ఉంటుంది. ట్రైన్‌కి ఇరవై సీట్లు అనుకుందాం. ఒకే ట్రైన్ అంటే అది తిరిగొచ్చి, దిగి, ఎక్కి, ఒడి మీద పట్టి ఉంచే బార్లు వేసి, చెక్ చేసి పంపేసరికి నాలుగు నిమిషాలు. గంటకి పదిహేను సార్లు. అంటే మూడు వందల మంది. లైన్‌లో ఆరు వందల మంది ఉంటే చివరివాడికి రెండు గంటలు. మీ ఫిర్యాదుల పుస్తకం మొత్తం ఈ ఒక్క భాగహారంలో ఉంది.

రెండో ట్రైన్ దించి రెండు నిమిషాలకొకటి పంపితే అదే రైడ్ ఆరు వందల మందిని ఎక్కిస్తుంది. నిమిషంన్నరకి తెస్తే ఎనిమిది వందలు. పునాది తవ్వక్కర్లేదు, ఇళ్లవాళ్లతో గొడవ లేదు.

ఆ నిమిషాలు ఎక్కడ పోతాయో కూడా చెప్తాను, ఎందుకంటే ఇది ఆఫీసులో కూర్చుంటే కనపడదు. రేపు రద్దీ వేళ ప్లాట్‌ఫామ్ మీద ఒక మూలన నిలబడి చూడండి. గేట్లు తెరుచుకుంటాయి. నలుగురు స్నేహితులు ముందు సీటు కోసం వెనక్కీ ముందుకీ తిరుగుతారు. ఒకాయన జేబులో ఫోన్ ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటాడు. ఒకామె బ్యాగు పట్టుకుని అవతలి వైపు ఉన్న అర దాకా నడిచి, పెట్టి, వెనక్కి వస్తుంది. ఆమె వచ్చేదాకా మా పిల్లాడు బార్ వేయలేడు. ఇద్దరే వచ్చిన జంట నలుగురి వరసలో కూర్చుంటారు, మిగతా రెండు సీట్లు ఖాళీగా వెళ్తాయి. ఆఖరికి అందరూ కూర్చున్నాక ఒక చెప్పు పట్టాల సందులో పడుతుంది. ఇదంతా అయ్యేసరికి ట్రైన్ తిరగడానికి పట్టిన టైం కంటే నిలబడ్డ టైం ఎక్కువ.

దీనికి మందులు పెద్ద ఖరీదైనవి కావు. వరసలకి నంబర్లు వేసి, గేటు దగ్గరే "మీరు 3, మీరు 4" అని సర్దే ఒక మనిషిని పెట్టండి. ఆ మనిషి గలగలా మాట్లాడేవాడై ఉండాలి, సిగ్గరి వద్దు. ఒంటరిగా వచ్చినవాళ్లకి వేరే చిన్న లైను పెట్టి ఖాళీ సీట్లలో నింపండి. బ్యాగులు ప్లాట్‌ఫామ్ దాకా రాకుండా కిందే లాకర్లలో పెట్టించండి. యూనివర్సల్ వాళ్లు 2021లో ఓర్లాండోలో తెరిచిన వెలోసీకోస్టర్‌కి లాకర్లు రెండు వైపులా తెరుచుకుంటాయి. ఎక్కేముందు ఒకవైపు పెట్టి, దిగాక రెండోవైపు తీసుకుంటారు, ఎదురెదురు తోపులాట ఉండదు. మీరు అంత హంగు చేయక్కర్లేదు, ఆ ఆలోచన తీసుకుంటే చాలు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. వేగం పెంచమంటే చెక్ తగ్గించమని కాదు. బార్ ఒకరు లాగి చూడాలి, రెండోవాళ్లు మళ్లీ చూడాలి, ఇద్దరూ బొటనవేలు చూపించాకే బటన్. ఆ పది సెకన్లని ఎవరైనా తగ్గించమంటే ఒప్పుకోకండి, ఓనరైనా సరే.

ఇక హాలిడే వరల్డ్. 1946లో చిన్నపిల్లల పార్కుగా మొదలైంది. 1993లో వాటర్ పార్కు, 1995లో రేవెన్, 2000లో "లెజెండ్", 2006లో "వాయేజ్". మధ్యలో ఎంతెంత ఖాళీ ఉందో చూడండి. ఒకటి పెట్టి, అది తెచ్చిన జనాన్ని అరిగించుకుని, అప్పుడు ఇంకొకటి. 2000లో వాళ్లు ఇంకో పని చేశారు. పార్కులో కూల్‌డ్రింకులు ఎన్ని తాగినా ఉచితం అన్నారు. ఆ సంగతి కోస్టర్ పిచ్చోళ్లకి గుర్తుండదు గానీ, పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులకి బాగా గుర్తుంటుంది.

అదే 2000లో ఒహాయోలో జియాగా లేక్ అనే పాత పార్కు ఒక్క ఏడాదిలోనే నాలుగు కోస్టర్లు పెట్టింది. మరుసటి ఏడాది చెరువు అవతల ఉన్న సీవరల్డ్ అనే సముద్ర జీవుల పార్కు‌ని కూడా కలిపేసుకుని ఊరంత పార్కు చేశారు. 2004కి అమ్మేశారు. 2007లో రైడ్ల వైపు తాళం పడింది, కోస్టర్లు విప్పి వేరే పార్కులకి పట్టుకుపోయారు. కారణాలు ఒకటి కాదు, చేతులు మారడం, అప్పులు, అన్నీ ఉన్నాయి. కానీ జనం ఒక్కసారిగా పెరిగితే వాళ్లకి తగ్గ టాయిలెట్లూ, తిండి కౌంటర్లూ, దారులూ, శిక్షణ ఉన్న మనుషులూ ఒక్కసారిగా పుట్టుకురారు. మీ ఓనరుగారికి ఈ రెండు పార్కుల కథ పక్కపక్కన పెట్టి చెప్పండి.

గ్రీజు చేతులు:

అక్క చెప్పినదానికి మెయింటెనెన్స్ వైపు నుంచి నాలుగు ముక్కలు.

రెండో ట్రైన్ షెడ్‌లో ఎందుకుందో ముందు కనుక్కోండి. నేను చూసినంతలో సగం చోట్ల అది ట్రైన్ కాదు, స్పేర్ పార్టుల గోడౌన్. మొదటి ట్రైన్‌కి చక్రం అరిగితే రెండోదాని చక్రం, స్ప్రింగ్ పోతే రెండోదాని స్ప్రింగ్. అలా పీక్కుంటూ పోయి ఆఖరికి ఛాసిస్ మిగులుతుంది. అలాంటిదాన్ని బయటికి తేవాలంటే పూర్తిగా విప్పి, వెల్డింగులు, యాక్సిళ్లు క్రాక్ టెస్ట్ చేయించి, చక్రాలు కొత్తవి తెప్పించాలి. చక్రం అంటే ఒకటి కాదని తెలుసుగా? పైన బరువు మోసేది, పక్కన పట్టుకునేది, పట్టా కింద నుంచి ట్రైన్‌ని ఎగరకుండా ఆపేది, మూడు రకాలు. ఆ కింది చక్రానికి జాన్ మిల్లర్ అనే ఆయన 1919లోనే పేటెంట్ తీసుకున్నాడు. అది లేకపోతే ఈ పట్టాలపిచ్చోడు తమ్ముడికి సీట్లోంచి లేచే ఆ సరదానే ఉండేది కాదు.

రెండోది బ్లాకులు. రెండు ట్రైన్లు తిరగాలంటే పట్టాని బ్లాకులుగా విడగొడతారు, ఒక బ్లాకులో ఒకే ట్రైన్ ఉండాలి. ముందు బ్లాకు ఖాళీ అయిందని సెన్సార్ చెప్తేనే వెనక ట్రైన్ కదులుతుంది. ఒకే ట్రైన్‌తో ఏళ్ల తరబడి నడిపిన చోట ఆ సెన్సార్లు పాడై ఉన్నా ఎవరికీ తెలీదు. ట్రైన్ దించే ముందు ఖాళీ ట్రైన్లతో, తర్వాత ఇసుక బస్తాలతో అన్ని బ్లాకులూ పరీక్షించాలి. కంపెనీవాళ్ల ఇంజనీరు వచ్చి సంతకం పెట్టేదాకా జనాన్ని ఎక్కించొద్దు.

కొత్త రైడ్ కొనేటప్పుడు ఎత్తు, స్పీడ్ అడిగే ముందు మూడు అడగండి. స్పేర్లు ఆర్డర్ పెడితే ఎన్ని వారాల్లో వస్తాయి? ఇదే మోడల్ ఇంకా ఎక్కడెక్కడ తిరుగుతోంది, ఆ మెకానిక్‌తో నేను ఫోన్‌లో మాట్లాడొచ్చా? డిజైన్ ఏ స్టాండర్డ్ ప్రకారం చేశారు? యూరప్‌దైతే ఈఎన్ 13814, అమెరికా పద్ధతి అయితే ఏఎస్‌టీఎం ఎఫ్2291, లేదా ఐఎస్‌ఓ 17842. ఈ నంబరు అడగ్గానే అమ్మేవాడు బ్రోషర్‌లో పేజీలు తిప్పడం మొదలుపెడితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ప్రపంచంలో మొట్టమొదటి మోడల్ మీకే ఇస్తామంటే చేతులు జోడించి వద్దనండి. మొదటిదాని జబ్బులన్నీ కొన్నవాడే భరించాలి.

సెకండ్‌హ్యాండ్ అంటే భయపడక్కర్లేదు. అమెరికాలో నోబెల్స్ అనే పార్కు, టెక్సాస్‌లో 1980లో మూతపడ్డ పార్కు నుంచి ఒక పాత చెక్క కోస్టర్ కొని, చెక్కలకి నంబర్లు వేసి విప్పి, పెన్సిల్వేనియాకి తెచ్చి 1985లో "ఫీనిక్స్" పేరుతో మళ్లీ నిలబెట్టింది. ఇప్పటికీ దాన్ని అత్యుత్తమ చెక్క కోస్టర్లలో లెక్కేస్తారు. కానీ మాన్యువల్, కంట్రోల్ ప్యానెల్ డ్రాయింగులు, పాత తనిఖీల రికార్డు లేని రైడ్ ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

ఇద్దరు పిల్లల తల్లి:

నాకు కోస్టర్లూ బ్లాకులూ తెలీవండీ. నేను డబ్బు కట్టి లోపలికి వచ్చే మనిషిని. నా వైపు నుంచి చెప్తాను.

మా పెద్దది 126 సెంటీమీటర్లు, చిన్నోడు 104. ఏ పార్కుకి వెళ్లినా చిన్నోడికి రెండే దొరుకుతాయి. ఒకటి, వాడు "ఇది బేబీలది" అని మొహం తిప్పుకునే గుర్రాల రాట్నం. రెండు, 120 అని రాసిన బోర్డు. మధ్యలో ఏమీ ఉండదు. ప్రతి బోర్డు దగ్గరా కాలి వేళ్ల మీద నిలబడటం, ఆపరేటర్ తల మీద చెయ్యి పెట్టి కిందికి నొక్కడం, ఏడుపు. మేం పార్కుకి మళ్లీ రావాలా వద్దా అనేది నిర్ణయించేది ఈ 104 సెంటీమీటర్లవాడే. గేటుపక్కన గారూ, మీ 22 రైడ్లలో ఒక మీటరు ఎత్తు పిల్లాడు వాళ్ల నాన్నతో కలిసి ఎక్కగలిగేవి ఎన్నో రాయండి చూద్దాం.

ఇంకోటి, ఒకరు పెద్దదాంతో రైడ్ ఎక్కితే రెండోవాళ్లు చిన్నోడితో కింద ఉండాలి. తర్వాత నా వంతు కోసం మళ్లీ మొదటినుంచి లైన్లో నిలబడాలంటే నేను ఎక్కనే ఎక్కను. కొన్ని పార్కుల్లో చీటీ ఇస్తారు, ఆయన దిగగానే నేను ఎగ్జిట్ వైపు నుంచి ఎక్కేయొచ్చు. ఒక చీటీయే కదా, దానికేం ఖర్చు?

కూర్చునే చోట్లు నీడలో పెట్టండి. ఎండలో కాలిపోయే ఇనుప బెంచీ ఎవరికోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా అత్తగారు ఏ రైడూ ఎక్కరు, కానీ ఆవిడ "ఇక పదండి" అంటే మేమందరం కదలాల్సిందే. ఆవిడకి నీడా, దగ్గర్లో బాత్రూమూ, చూడటానికి ఏదో ఒకటీ ఉంటే మేం ఇంకో రెండు గంటలు ఉంటాం, ఆ రెండు గంటలూ మీ దగ్గరే ఏదో ఒకటి కొంటాం.

నెదర్లాండ్స్‌లో ఎఫ్టెలింగ్ అనే పార్కులో 1959 నుంచి ఒక లావుపాటి మనిషి బొమ్మ చెత్తబుట్ట ఉంది. నోరు తెరుచుకుని కాగితం ఇమ్మని అరుస్తుంది, నోటి దగ్గర పెడితే గాలితో లాగేసుకుని థాంక్స్ చెప్తుంది. వీడియోలో చూసి మావాడు ఇంట్లో కాగితాలన్నీ చింపాడు. ఆ పార్కులో పిల్లలు దానికి పెట్టడానికి చెత్త ఏరుకుంటారట. కోస్టర్ కంటే ఇదే చౌక అనుకుంటా.

గేటుపక్కన:

అందరికీ చాలా థాంక్స్. బటన్ మేడమ్ చెప్పినట్టే మేం స్టాప్‌వాచీలు పట్టుకుని రద్దీ రోజున మధ్యాహ్నం ప్రతి రైడ్ దగ్గరా లెక్క తీశాం. రెండో ట్రైన్ విషయం మీరు చూసొచ్చినట్టే చెప్పారు. షెడ్‌లోనే ఉంది, గ్రీజు చేతులు అన్నట్టు సగం పీకేసే ఉంది.

కోస్టర్: కేటలాగు ప్రకారం గంటకి 900 మంది, మా లెక్కలో 280. కొలంబస్: 480 అని ఉంది, వచ్చింది 240. ఓడలో పదేసి సీట్లు ఖాళీగానే ఊగుతున్నాయి. జెయింట్ వీల్‌కి మూడు డబ్బాలు ఒకేసారి ఎక్కించే ప్లాట్‌ఫామ్ ఉంది, మావాళ్లు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నారు. ఎందుకయ్యా అంటే "మొదటినుంచీ ఇంతే సార్" అన్నాడు. స్లైడ్లు ఒక్కొక్కటి గంటకి 120 దగ్గర ఆగిపోతున్నాయి. మొత్తం పార్కు: కాగితం మీద 9,500, నిజంగా 4,100.

తల్లిగారి ప్రశ్నకి జవాబు: మీటరు ఎత్తు పిల్లాడు పెద్దవాళ్లతో కలిసి ఎక్కగలిగేవి నాలుగు. అందులో ఒకటి వేసవి నుంచి రిపేర్‌లో ఉంది.

4,100 అంటే బాగున్నట్టా, లేనట్టా? దేనితో పోల్చాలి?

బటన్ నొక్కే మనిషి:

పోల్చడానికి ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. లోపల ఉన్న ఒక్కో మనిషికి గంటకి ఒకటిన్నర నుంచి రెండు దాకా ఏదో ఒక వినోదం అందాలి. రైడ్ కావచ్చు, షో కావచ్చు, వేవ్ పూల్ కావచ్చు. రోజుకి ఆరు వేల మంది వస్తే మధ్యాహ్నం ఒకేసారి లోపల నాలుగున్నర వేల మంది ఉంటారనుకోండి. తక్కువలో తక్కువ 6,750 కావాలి. మీకున్నది 4,100. అంటే 2,650 లోటు.

ఇప్పుడు ఓనరుగారి కోస్టర్‌ని ఈ లెక్కలో పెట్టండి. కొత్తది, రెండు ట్రైన్లు, బాగా నడిపితే గంటకి ఏడెనిమిది వందలు. లోటులో మూడోవంతు కూడా తీరదు. పైగా అది చూడటానికి కొత్తగా ఇంకో వెయ్యి మంది వస్తారు, వాళ్లకీ గంటకి ఒకటిన్నర కావాలి. అంటే కోస్టర్ తెచ్చిన జనానికి కోస్టరే చాలదు. రానివాళ్లు పుస్తకంలో రాయరన్న ఓనరుగారి మాటకి ఇదే నా జవాబు. వాళ్లు వస్తారు. వచ్చి అదే పుస్తకంలో అదే మాట రాసి వెళ్తారు.

ఉన్నవాటితోనే ఎంత వస్తుందో చూడండి. కోస్టర్ రెండో ట్రైన్‌తో 320 పెరుగుతుంది. కొలంబస్‌కి సీట్లు నింపే మనిషిని పెడితే ఇంకో 150. వీల్‌కి మూడేసి డబ్బాలు ఎక్కిస్తే దాదాపు రెట్టింపు. (వీల్ దగ్గర బరువు ఒకవైపే పడకుండా ఎదురెదురు డబ్బాలు నింపాలి, అది గ్రీజు తమ్ముడిని అడిగి చేయండి.) స్లైడ్‌లో మనిషికి ముప్ఫై సెకన్లు కాబట్టి 120 వస్తోంది. ఇద్దరు కూర్చునే ట్యూబులకి పనికొచ్చే స్లైడ్ అయితే అదే టైంలో 240.

పన్నెండు ఎకరాల్లో నన్నడిగితే మొదట లేజీ రివర్ (ట్యూబు మీద తేలుతూ నెమ్మదిగా చుట్టూ తిరిగే నీటి కాలువ) పెడతాను. సరదా పుట్టించే వస్తువు కాదు, ఎగ్జిబిషన్‌లో దాని బొమ్మ చూసి ఎవరూ ఈల వేయరు. కానీ మూడు వందల మంది ట్యూబుల మీద పడుకుని పదిహేను నిమిషాలకో చుట్టు తిరిగితే గంటకి పన్నెండు వందలు. అందులో తల్లిగారి అత్తగారూ పడుకోవచ్చు, మీటరు పిల్లాడూ వాళ్ల నాన్న పక్కన ఉండొచ్చు. ఇళ్లవాళ్లకి చప్పుడూ ఉండదు. దాంతోపాటు బట్టలు మార్చుకునే గదులూ, లాకర్లూ పెంచకపోతే మాత్రం లైను నీళ్ల దగ్గరి నుంచి గదుల దగ్గరికి మారుతుంది, అంతే. ఫిల్టర్ ప్లాంటు కూడా కొత్త నీటికి తగ్గట్టు ఉండాలి, పాత వేవ్ పూల్ దాని మీదే నెట్టుకురావొద్దు.

రెండోది, మీటరు ఎత్తు పిల్లలు పెద్దవాళ్లతో ఎక్కే ఫ్యామిలీ కోస్టర్. వేకోమా, జాంపెర్లా, జీరెర్ లాంటి కంపెనీలు ఇలాంటివి ఏళ్లుగా అమ్ముతున్నాయి. ప్రపంచమంతా తిరుగుతున్న మోడళ్లు కాబట్టి స్పేర్లకి ఏడవక్కర్లేదు. ఓనరుగారు ప్రారంభోత్సవంలో రిబ్బన్ కత్తిరించడానికి ఇదీ కోస్టరే కదా.

మూడోది కప్పు ఉన్న షో హాలు. వాన పడ్డ రోజున మీ పార్కులో కప్పు కింద ఎంతమంది నిలబడగలరో లెక్క తీశారా? తీస్తే ఇక్కడ ఇంకో చర్చ మొదలుపెట్టాల్సి వస్తుంది.

దారులు గుండ్రంగా కలిసేలా వేయండి, చివర గోడ తగిలి వెనక్కి తిరిగే దారి వద్దు. సరుకుల బండ్లూ, అంబులెన్సూ జనంలోంచి కాకుండా వెనకనుంచి వచ్చే రోడ్డు ఇప్పుడే వదలండి. రైడ్లన్నీ కట్టాక ఆ రోడ్డుకి చోటుండదు.

పట్టాలపిచ్చోడు:

సరే అక్కా, లెక్క ముందు నోరు మూసుకుంటున్నా. కానీ లేజీ రివర్ చూడటానికి నేనైతే రాను, ముందే చెప్తున్నా.

ఒక్క విన్నపం. ఆ పన్నెండు ఎకరాల్లో పెద్ద కోస్టర్‌కి ఒక జాగా వదిలిపెట్టండి. టెక్సాస్‌లో సిక్స్ ఫ్లాగ్స్ పార్కువాళ్లు 1990 నాటి చెక్క కోస్టర్‌ "టెక్సాస్ జెయింట్" బాగా కుదుపుతోందని, కూల్చకుండా దాని మీదే కొత్త స్టీల్ పట్టా వేసి 2011లో తెరిచారు. రాకీ మౌంటెన్ అనే కంపెనీ చేసింది. ఆ తర్వాత ఎన్ని పాత కోస్టర్లకి అలా రెండో జన్మ దొరికిందో! ఓపిక పట్టినవాళ్లకి మంచివే దొరుకుతాయని ఒప్పుకుంటా.

బటన్ నొక్కే మనిషి:

జాగా వదలమంటే నాకూ ఇష్టమే. ఇళ్లకి దూరంగా, పార్కు చిట్టచివర, గేటు దగ్గర నిలబడ్డవాళ్లకి పైభాగం కనపడేలా. చివర్లో ఉంటే జనం అక్కడిదాకా నడుస్తారు, దారిలో ఉన్న రైడ్లకీ పని దొరుకుతుంది. కరెంటు కేబుళ్లూ, డ్రైనేజీ ఇప్పుడే అక్కడిదాకా లాగి మూతలేసి ఉంచండి. తవ్వేది ఒక్కసారే తవ్వాలి.

గేటుపక్కన:

ఈ లెక్కలన్నీ ఒక పేజీలో పెట్టి ఓనరుగారికి చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి నా కేటలాగులు?" అన్నారు. ఫ్యామిలీ కోస్టర్ పేజీ తీసి ముందు పెట్టాను. "ఇది పిల్లలదయ్యా" అన్నారు గానీ, పేజీ మడత పెట్టుకుని తీసుకెళ్లారు.

రెండో ట్రైన్‌కి అనుమతి వచ్చింది. గ్రీజు చేతులు గారూ, బ్లాకు సెన్సార్లలో రెండు అసలు సిగ్నలే ఇవ్వడం లేదు. అదే మోడల్ ఇప్పుడు కంపెనీ తయారు చేయడం లేదంటున్నారు. వేరే కంపెనీది పెట్టొచ్చా?

గ్రీజు చేతులు:

మీ అంతట మీరు పెట్టకండి. దాని బదులు ఏది వాడాలో రైడ్ తయారు చేసినవాళ్ల నుంచే లిఖితపూర్వకంగా తెప్పించుకోండి, ఆ కాగితాన్ని రైడ్ ఫైల్లో పెట్టండి. ఆ రెండే కాకుండా అన్ని సెన్సార్లూ ఒకేసారి మార్పించండి. రెండు పోయాయంటే మిగతావీ అదే వయసువి. పాతవి పారేయకుండా చీటీ అంటించి పెట్టండి, ఇంజనీరు వచ్చినప్పుడు అడుగుతాడు.